డాక్టర్ సలహా: పిల్లల వార్డులో పసివాళ్ల ఎంగిలి కూడా ఎంగిలే

ప్రశ్న: నేను కోనసీమలోని ఒక ఆసుపత్రిలో, పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. గత నెలలో ఆయాసంతో చేరిన ఏడాదిన్నర పాపకు నాలుగో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. పక్క మంచం మీది బాబు విరేచనాలతోనే చేరాడు. ఇద్దరూ ఒకే గిలక్కాయతో ఆడుకోవడం నేను చూశాను. బొమ్మలు కడగమని చెబితే తల్లులు తల ఊపుతారు గాని కడగరు. గోడకు కాగితం అంటించినా ప్రయోజనం లేదు. అసలు బొమ్మలే తేవద్దని నిబంధన పెట్టడం మేలా? లేక వాళ్లకు నేర్పే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం ప్రాంతం

జవాబు: సిస్టర్ గారూ, నిబంధన మాట ముందు చెబుతాను. అది వద్దు. చేతికి కాన్యులా గుచ్చి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, ముఖం తెలియని మనుషుల మధ్య పడుకోబెట్టిన పసివాడికి తెలిసినవి రెండే ఉంటాయి: తల్లి ఒడి, చేతిలోని బొమ్మ. బొమ్మ పట్టుకున్న పిల్లవాడికి మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ పెట్టడం ఎంత తేలికో నాకన్నా మీకే బాగా తెలుసు. పైగా నిషేధించినంత మాత్రాన బొమ్మలు రాక మానవు. సంచి అడుగున చీరల మధ్య దాక్కుని వస్తాయి, అప్పుడు వాటిని కడగమనే మాట ఎత్తడానికి కూడా మీకు వీలుండదు.

ఇక గిలక్కాయ సంగతి. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ ఒంట్లో చేరిన ఒకటి నుంచి మూడు రోజుల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి కనుక, ఆ పాపకు జబ్బు వార్డులోనే అంటుకుని ఉండే అవకాశం ఉంది. అయితే అది రోటాయేనని పరీక్ష లేకుండా అనలేము, గిలక్కాయ వల్లనే వచ్చిందనీ అనలేము. ఆ బాబుకు గుడ్డ మార్చిన చేయి, మంచం కమ్మీ, ఆఖరికి మీ చేతులూ నా చేతులూ కూడా ఆ పని చేయగలవు. రోటా టీకాను 2016లో మొదటగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటే గాని, టీకా జబ్బు తీవ్రతను తగ్గిస్తుందే తప్ప పూర్తిగా రాకుండా ఆపుతుందని భరోసా ఇవ్వలేము. ఈ వైరస్ గట్టి ప్లాస్టిక్ మీద రోజుల తరబడి నిలిచి ఉంటుంది. పసిపిల్లలకు ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీ కొన్ని గంటలు, ఫ్లూ వైరస్ ఒకటి రెండు రోజులు ఉండగలవు. ఒక బిడ్డ నోట్లో నుంచి తీసిన బొమ్మ మరో బిడ్డ నోటికి చేరడానికి అర నిమిషం చాలు.

తల్లులు తల ఊపి ఊరుకోవడానికి కారణం వాళ్ల నిర్లక్ష్యం కాదని నా అభిప్రాయం. ఇన్ఫెక్షన్ అనేది మన మాట, వాళ్లది కాదు. వాళ్ల మాట ఎంగిలి. పక్కింటి పిల్ల తాగిన గ్లాసును కడగకుండా తన బిడ్డకు అందులో నీళ్లు పోయని తల్లే, పక్క మంచం బాబు చప్పరించిన గిలక్కాయను తన బిడ్డ నోట్లో పెట్టుకుంటే చూసి ముచ్చటపడుతుంది. ఎందుకంటే పసిపిల్లల ఎంగిలికి దోషం లేదని మన పెద్దలు ఒక మినహాయింపు ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు తిరిగే ఇంట్లో ఆ మినహాయింపుతో పెద్ద నష్టం లేకపోవచ్చు గాని, ప్రతి మంచం మీదా ఒక్కొక్క జబ్బు ఉన్న వార్డులో అది చెల్లదు. కాబట్టి గోడ మీది కాగితం తీసేసి, ఈ ఒక్క మాట చెప్పి చూడండి: “అమ్మా, ఇక్కడ పసివాళ్ల ఎంగిలి కూడా ఎంగిలే. బొమ్మను ఉగ్గుగిన్నెలా చూసుకో.” ఉగ్గుగిన్నె నేల మీద పడితే చీర చెంగుతో తుడిచి మళ్లీ పాలు పోసే తల్లి ఉండదు. బొమ్మ పడితే మాత్రం అందరూ చేసేది అదే, చెంగుతో ఒక్క తుడుపు తుడిచి చేతికివ్వడం.

చెప్పే వేళ కూడా చూసుకోవాలి. బిడ్డను చేర్పించిన గంటలో తల్లి చెవికి ఏదీ ఎక్కదు. మర్నాడు, జ్వరం కాస్త దిగి బిడ్డ బొమ్మ వైపు చేయి చాచినప్పుడు, ఆ బొమ్మతోనే ఆమెను కుళాయి దగ్గరకు తీసుకువెళ్లండి. మీరు ఒకసారి కడిగి చూపించి, తరువాత ఆమెతో కడిగించి, ఎప్పుడెప్పుడు కడగాలో ఆమె నోటితోనే చెప్పించుకోండి. మన వార్డుల్లో రాత్రిళ్లు బిడ్డ దగ్గర ఉండేది చాలాసార్లు అమ్మమ్మో నాయనమ్మో కనుక వాళ్లకు విడిగా నేర్పాలి. వాళ్లు నేర్చుకుంటే పక్క మంచాలకు కూడా వాళ్లే నేర్పుతారు, మనకన్నా గట్టిగా. నలుగురిలో మందలించకండి. కుళాయి దగ్గర సబ్బు, పాత టూత్‌బ్రష్, బొమ్మలకు మాత్రమే వాడే ఒక బేసిన్ లేకపోతే మీరు ఎంత బాగా నేర్పినా వృథాయే, అందుకే వాటిని ముందు అడిగి పెట్టించండి. ఆ కుళాయి మరుగుదొడ్డిలోది కాకూడదు.

కడిగే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. ముందు తల్లి సబ్బుతో చేతులు కడుక్కుని, బొమ్మను సబ్బు నీళ్లలో ముంచి, అతుకులూ గాడులూ బ్రష్‌తో రుద్ది, ధారగా పడే నీళ్లలో కడిగి, తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. ఇది రోజుకు ఒకసారి, కింద పడినప్పుడల్లా, మరో బిడ్డ చేతిలోకి వెళ్లి వచ్చినప్పుడల్లా చేయాలి. శానిటైజర్ చల్లితే చాలదా అని అడుగుతారు. విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌ల మీద అది సరిగా పనిచేయదు, మురికిని అసలే తీయదు.

వాంతులు, విరేచనాలు ఉన్న బిడ్డ బొమ్మను సబ్బుతో కడిగిన తరువాత బ్లీచ్ నీళ్లలో కూడా ఉంచాలి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం అని ఉంటే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కలిపి, బొమ్మను 10 నిమిషాలు ముంచి, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. దీన్ని మీరే, గాలి ఆడే చోట, ఏ రోజుకారోజు కలపండి, తల్లుల చేతికి ఇవ్వకండి. మంచినీళ్ల సీసాలో పోసి ఉంచిన బ్లీచ్‌ను తాగిన పిల్లవాణ్ణి నేను చూశాను. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఇది కలిస్తే విషవాయువు పుడుతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో కుళాయి నీళ్లు కూడా బురదగా వస్తే, ఆ మట్టీ మలినాలే క్లోరిన్‌ను తినేస్తాయి, అందువల్ల తేటపడిన నీళ్లలోనే కలపాలి. ఫినాయిల్ మాత్రం నోట్లో పెట్టుకునే వస్తువు దగ్గరకు రానివ్వకండి.

ఏ బొమ్మ తేవచ్చు అనేది కూడా మీరే చెప్పాలి. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తల్లి తన బిడ్డ రబ్బరు బాతును రోజూ కడిగి తళతళలాడేలా ఉంచేది. ఒకనాడు దాన్ని బేసిన్ మీద పట్టుకుని గట్టిగా నొక్కితే, కింద కూత వచ్చే రంధ్రంలో నుంచి నల్లటి జిగురు తెట్టుతో నీళ్లు కారాయి. ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది, తప్పు ఆమెది కాదు, అంతవరకు నాకూ తెలియదు. మెల్‌బోర్న్‌లోని ఒక పిల్లల క్యాన్సర్ వార్డులో మందులకు లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా వ్యాపించడానికి ఇలా నీళ్లు నిలిచే స్నానపు బొమ్మలతో సంబంధం ఉన్నట్టు 1998లో వైద్య పత్రికలో ప్రచురించారు. రంధ్రం ఉన్న బొమ్మ వార్డుకు వద్దు. దూది బొమ్మలు ముసురు పట్టిన రోజుల్లో లోపల ఆరవు కనుక అవీ వద్దు. అది లేనిదే నిద్రపోని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ మంచం దాటనివ్వకుండా, ఉతికి పూర్తిగా ఆరాకే ఇవ్వాలి. ఏటికొప్పాక లక్కబొమ్మలు నాకు ప్రాణమే గాని, లక్క వేడికి మెత్తబడుతుంది, శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కు కరుగుతుంది, అందుచేత వాటిని ఇంటి దగ్గరే ఉంచమనండి. బ్యాటరీ బొమ్మకు మూత మరతో బిగించి ఉండాలి. గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. స్టీలు గ్లాసు, పెద్ద చెంచా ఇవ్వండి. చప్పుడు చేస్తాయి, మరిగించవచ్చు, ఇంట్లోవే. బొమ్మకు టేపు అంటించి మంచం నంబరు రాస్తే ఎవరిది ఎవరిదో గొడవ ఉండదు. టేపు తడిసి ఊడితే మార్చండి.

డిశ్చార్జి రోజున బొమ్మను మరోసారి కడిగాకే సంచిలో పెట్టమనండి, ఇంటి దగ్గర చంటి తమ్ముడో చెల్లెలో దాని కోసం చూస్తూ ఉంటారు. ఇకపై వార్డులో ఏ బిడ్డకైనా కొత్తగా విరేచనాలు మొదలైతే అదే పూట డ్యూటీ డాక్టరుకు చెప్పి, ఓఆర్‌ఎస్ మొదలుపెట్టించి, ఆ చుట్టుపక్కల మంచాల బొమ్మలన్నీ కడిగించండి. మీరు చెప్పిన ఆ గిలక్కాయ ఇంకా వార్డులోనే ఉంటే, అతుకు దగ్గర పగులు ఉందేమో చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల గింజలతో పాటు నీళ్ల చప్పుడు వినిపిస్తే దాన్ని పారేయండి.