ఎఫ్‌డీ బ్రేక్ చేసి, అప్పు తెచ్చి బెంగళూరు వెళ్లకండి

ప్రశ్న: నా వయసు 34. విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 22 వేలు. రెండో తరగతి చదివే పాప ఉంది. 63 ఏళ్ల అమ్మ మాతోనే ఉంటారు, ఆవిడకు షుగరు, బీపీ ఉన్నాయి. నాకు బెంగళూరులో 95 వేల జీతంతో ఉద్యోగం వచ్చింది. జనవరి మొదటి వారంలో చేరాలి, అందరం ఒకేసారి వెళ్దామనుకుంటున్నాం. అద్దెకు బదులు 14 లక్షలకు లీజు ఇల్లు తీసుకుంటే (డబ్బంతా ముందే ఓనరుకి ఇస్తాం, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తాడు) నెలకు 28 వేల అద్దె మిగులుతుందని మా బావగారు అంటున్నారు. పర్సనల్ లోన్ 8 లక్షలు, బంగారం మీద 4 లక్షలు, మా ఎఫ్‌డీ 2.4 లక్షల్లోంచి 2 లక్షలు పెట్టి, మిగతా 40 వేలు సామాను తరలించడానికి వాడదామని ఆలోచన. కారు లోను వాయిదాలు ఇంకా 14 ఉన్నాయి, నెలకు 9 వేలు. దాంతో కలిపి ఇప్పుడు నెల ఖర్చు 65 వేలు. హెల్త్ కవరు కంపెనీ ఇచ్చిందొక్కటే ఉంది. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: సరైనది కాదండీ. ఉద్యోగం తీసుకోండి, బెంగళూరు వెళ్లండి, దానికి నా అభ్యంతరం ఏమీ లేదు. కానీ ఈ పద్ధతిలో వెళ్లకండి. ఊరు మారే కుటుంబాల్లో చాలామంది చేసే పొరపాటే ఇది. అందుకే మీ ప్రశ్న ఎంచుకున్నాను. అత్యవసర నిధిని తీసి ప్రయాణ ఖర్చు కింద వాడేస్తారు. సరిగ్గా ఆ నిధి అవసరం పడే నెలల్లోనే చేతిలో పైసా లేకుండా కొత్త ఊళ్లో కూర్చుంటారు.

ముందు మీ లెక్క చూద్దాం. మీరు రాసిన వివరాల ప్రకారం ఇప్పుడు ఇద్దరి జీతం 84 వేలు. కారు వాయిదాతో కలిపి ఖర్చు 65 వేలు. అంటే నెలకు 19 వేలు మిగులుతోంది. బెంగళూరులో మీ ఆవిడకు వెంటనే ఉద్యోగం దొరుకుతుందని అనుకోకూడదు కాబట్టి ఆదాయం 95 వేలే. మెయింటెనెన్స్‌తో అద్దె 31 వేలు, కిరాణా, పాలు, గ్యాస్, కరెంటు 22 వేలు, స్కూలు, వ్యాను 11 వేలు, మీ రాకపోకలు 5 వేలు, అమ్మగారి మందులు, పరీక్షలు 4 వేలు, ఫోన్లు, బీమా వగైరా 5 వేలు, కారు వాయిదా 9 వేలు. మొత్తం 87 వేలు. మిగిలేది 8 వేలు. జీతం 33 వేలు పెరిగింది, నెలాఖరుకి చేతిలో ఉండేది 11 వేలు తగ్గింది. చాలా ఇళ్లలో ఈ లెక్క ఎవరూ వేయరు. పాత జీతం పక్కన కొత్త జీతం పెట్టుకుని సంబరపడతారు. ఆగిపోయే రెండో జీతం ఎవరికీ గుర్తుండదు.

ఇక లీజు. మీ బావగారి మాట కాగితం మీద తప్పు కాదు. 28 వేల అద్దె పోతుంది. 8 లక్షల పర్సనల్ లోన్‌కి 14 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 18,600. బంగారం మీద 4 లక్షలకు 10 శాతం వేసుకున్నా నెలకు 3,300 వడ్డీ. అద్దె కట్టడం కంటే మీకు ఆరు వేలు ఎక్కువే మిగులుతుంది. ఆశ పుట్టేది ఇక్కడే. ఆ ఆరు వేల కోసం మీరు 12 లక్షల అప్పు తలకెత్తుకుని, మొత్తం 14 లక్షలు మొన్నటిదాకా ముఖం కూడా చూడని ఒక మనిషి చేతిలో పెడుతున్నారు.

ఓనరు వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. నెలకు 28 వేలు అంటే ఏడాదికి 3.36 లక్షలు. మీ 14 లక్షల కోసం ఆయన ఏటా అంత అద్దె వదులుకుంటున్నాడు. అంటే 24 శాతం వడ్డీ కట్టినట్టే. ఇల్లు సొంతమై, కాగితాలు శుభ్రంగా ఉన్నవాడు అదే ఇంటిని బ్యాంకులో పెట్టి ఇందులో సగం వడ్డీకే అప్పు తెచ్చుకోగలడు కదా! మరి మీ దగ్గరికి ఎందుకు వస్తున్నాడు? అందరు ఓనర్లూ మోసగాళ్లని అనను. కానీ ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉండటమో, కాగితాల్లో చిక్కు ఉండటమో చాలాసార్లు కారణం. టైటిల్ పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం) కనపడకపోవచ్చు కూడా. పైగా ఏడాదికి మించిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు ఎందుకులే అని పదకొండు నెలల నోటరీ కాగితంతో సరిపెడతారు.

గుంటూరు నుంచి వెళ్లిన ఒక జంట ఇలాగే లీజు తీసుకుని, రెండేళ్ల తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయి ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. ఉగాదికి కట్టిన మామిడాకుల తోరణం ఇంకా పూర్తిగా ఎండలేదు, దాని కిందే తలుపు మీద బ్యాంకు నోటీసు అంటించి ఉంది. ఓనరు అప్పు కట్టలేదు, బాకీ పడ్డ ఆస్తిని తీసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటోంది. వీళ్ల 12 లక్షలకు ఓనరు రాసిచ్చిన కాగితం తప్ప ఇంకే ఆధారమూ లేదు. ఇల్లు ఖాళీ చేశారు. పర్సనల్ లోన్ ఈఎంఐ మాత్రం నెలనెలా 5వ తేదీన అకౌంటులోంచి వెళ్తూనే ఉంది. కొత్త ఇంటి అడ్వాన్స్‌కి డబ్బు లేక క్రెడిట్ కార్డు మీద నగదు తీశారు. దానికి తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, మూడు, మూడున్నర శాతం, అదీ నెలకు! ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. మీరు ఆ దారిలో కాలు పెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతి, అత్యవసర నిధి. అది ఉన్న ఊరి ఖర్చును బట్టి కాదు, వెళ్లబోయే ఊరి ఖర్చును బట్టి ఉండాలి. మీకు బెంగళూరులో నెలకు 87 వేలు కావాలంటే ఆరు నెలలకు 5.22 లక్షలు. మూడు నెలలకే 2.61 లక్షలు. మీ దగ్గర ఉన్నది 2.4 లక్షలు. అంటే మూడు నెలల నిధికే 21 వేలు తక్కువ, అందులోంచే 2 లక్షలు తీద్దామంటున్నారు.

కొత్త ఊళ్లో మొదటి ఆరు నెలలు ఎలా ఉంటాయో చెబుతాను. మీరు ప్రొబేషన్‌లో ఉంటారు, కొద్ది రోజుల నోటీసుతో పంపేయవచ్చు. ఇంట్లో రెండో జీతం ఉండదు. పాత కంపెనీ నుంచి రావాల్సిన సెటిల్‌మెంట్, కొత్త కంపెనీ ఇస్తానన్న తరలింపు ఖర్చు రెండూ చేతికి వచ్చేదాకా లెక్కలో వేసుకోకూడదు. విశాఖలో అయితే రాత్రి పదింటికి అవసరం పడినా పదివేలు సర్దే బంధువో, పక్కింటాయనో ఉంటారు. వెయ్యి కిలోమీటర్ల అవతల ఆ మనిషి దొరకడానికి రెండేళ్లు పడుతుంది. అందుకే ఊరు మారేవాళ్లకు అత్యవసర నిధి మామూలు కంటే ఎక్కువ ఉండాలని నేను మొండిగా చెబుతాను. ఆ ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. బంగారాన్నీ ముట్టుకోవద్దు. నిజంగా ఆపద వస్తే గంటలో డబ్బు తెచ్చిపెట్టేది ఆ బంగారమే, దాన్ని ముందే తాకట్టులో పెట్టేస్తే ఆ రోజు ఏం పెడతారు?

మరి అడ్వాన్స్ ఎక్కడి నుంచి? ముందు మీరొక్కరే వెళ్లండి. పీజీలో ఉండండి. భోజనంతో కలిపి 12 వేలు, మీ చేతి ఖర్చు 6 వేలు, విశాఖ వచ్చి వెళ్లడానికి 4 వేలు. మీరు లేకపోతే ఇక్కడి ఖర్చు 61 వేలకు తగ్గుతుంది. ఇద్దరి జీతం 1.17 లక్షలు, మొత్తం ఖర్చు 83 వేలు. నెలకు 34 వేల చొప్పున జనవరి నుంచి ఏప్రిల్ దాకా 1.36 లక్షలు. మే జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్లు ఉన్నాయి కాబట్టి ఏప్రిల్‌తోనే ఆపాను. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగేవారు, ఇప్పుడు గట్టిగా మాట్లాడితే ఐదు నెలలకు దిగేవాళ్లు ఉన్నారు. ఐదు నెలలంటే 1.4 లక్షలు, ఒక్క రూపాయి అప్పు లేకుండా దాదాపు సరిపోయింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోస్తారు, ఆ డబ్బు మీది కాదనుకోండి. 2021 నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అడ్వాన్స్ చాలంటుంది కానీ, రాష్ట్రాలు తీసుకుంటే తప్ప అది అమల్లోకి రాదు. దాని పేరు చెప్పి ఓనరుతో వాదించలేరు.

ఇలా వెళ్తే పాప చదువు మధ్యలో ఆగదు. ప్రొబేషన్ కూడా చాలావరకు గడిచిపోతుంది. ఈలోగా ఆఫీసుకి దగ్గరలో ఏ ఏరియా బాగుంటుందో మీరే నడిచి చూసుకోవచ్చు. నాలుగు నెలలు విడిగా ఉండటం కష్టమే, కాదనను. అమ్మగారిని, పాపను చూసుకునే భారమంతా మీ ఆవిడ మీదే పడుతుంది. ఈ నిర్ణయం ఆవిడతో కూర్చుని తీసుకోండి, బావగారితో కాదు.

కారు అమ్మేయండి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి మీ లోను ఇచ్చినవాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, ఆపైన కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కావాలి. అమ్మి లోను మూసేస్తే నెలకు 9 వేల భారం పోయి ఖర్చు 78 వేలకు దిగుతుంది. అప్పుడు మీ ఎఫ్‌డీ సరిగ్గా మూడు నెలలకు సరిపోతుంది. ఆ తర్వాత మిగిలే ప్రతి రూపాయీ అది ఆరు నెలలయ్యేదాకా అందులోకే వెళ్లాలి, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడులు) అప్పటిదాకా ఆగవచ్చు.

సామాను తరలించేవాళ్లలో అందరికంటే తక్కువ చెప్పినవాడిని చూసి మురిసిపోకండి. దారి మధ్యలో లారీ ఆపి ఇంకో ఇరవై వేలు పంపితేనే కదులుతామనే ముఠాలున్నాయి. మొత్తం రేటు కాగితం మీద రాయించుకోండి, జీఎస్టీ నంబరు పోర్టల్‌లో సరిచూడండి, ట్రాన్సిట్ బీమాకి డబ్బు తీసుకుంటే పాలసీ కాపీ అడగండి. పాత సోఫా మీద లారీ ఖర్చు పెట్టడం కంటే ఇక్కడే అమ్మేయడం నయం. సర్టిఫికెట్లు, బంగారం, అమ్మగారి మందులు మీతోనే తీసుకెళ్లండి.

పీఎఫ్ తీయొద్దు, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ ఉన్నట్టు రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

చివరగా అమ్మగారి సంగతి, ఇది రాజీనామా ఇచ్చేలోపే జరగాలి. మీకున్నది కంపెనీ ఇచ్చిన హెల్త్ కవరు ఒక్కటే. మామూలుగా అది మీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులకు కవరు ఇస్తుందో లేదో ఈ రోజే మెయిల్ పెట్టి అడగండి, చాలా కంపెనీలు ఇవ్వవు. ఇప్పుడున్న గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ సొంత పాలసీలోకి మారే వీలుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. మారితే ఇన్నాళ్ల వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. కొన్ని పాలసీల్లో అదనపు ప్రీమియంతో ఈ గడువు తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీలకు జీఎస్టీ లేదు. జబ్బుల గురించి ఏదీ దాచకుండా రాయండి. కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి జోన్లు ఉంటాయి. విశాఖ అడ్రసుతో తీసుకుని బెంగళూరులో వైద్యం చేయిస్తే బిల్లులో కొంత మీరే కట్టాల్సి వస్తుంది. అమ్మగారు బెంగళూరు చేరిన వారంలోనే అడ్రసు మార్పించండి.