ఎమ్మీలు లెక్కపెట్టకు, అమ్మాయీ

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. తొమ్మిది పేజీల్లో ‘ఎమ్మీ’ అన్న మాట పద్నాలుగు సార్లు ఉంది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోతే కూర్చుని లెక్కపెట్టాను. అమెరికాలో హెచ్‌బీఓ టీవీ ఛానల్‌కి ఏళ్ల తరబడి డాక్యుమెంటరీలు చేయించిన షీలా నెవిన్స్‌కి 32 ప్రైమ్‌టైమ్ ఎమ్మీలు, అంటే అక్కడి టీవీ అవార్డులు, వచ్చాయని మొదటి పేజీలోనే చెప్పావు, నమ్మాను. మళ్లీ నాలుగో పేజీలో ఎందుకు? ఏడో పేజీలో ఎందుకు? పెళ్లిలో చదివింపులు మైకులో చదివినట్టుంది.

భాష బాగుంది. చేతిరాత ఇంకా బాగుంది.

ఈ జవాబు నాచేత రాయించింది మాత్రం ఆ ఎమ్మీలు కాదు. రెండో పేజీ చివర ఒక వాక్యం ఉంది. ఆవిడ యేల్ యూనివర్సిటీలో నాటక దర్శకత్వం చదివి 1963లో పట్టా పుచ్చుకుంది. మొగుడుగారేమో సాయంత్రాలూ శని ఆదివారాలూ ఇంటి పట్టున ఉండాలన్నాడు. నాటకం అంటేనే సాయంత్రాలు కదా. దాంతో పగటిపూట ఉద్యోగం వెతుక్కుంటూ టీవీ వైపు వచ్చింది. ఇదంతా ఒక్క వాక్యంలో కుక్కేసి, వెంటనే ‘ఆ తర్వాత ఆమె వెనుదిరిగి చూడలేదు’ అని రాశావు. నీకెలా తెలుసు చూడలేదని? తొమ్మిదో పేజీలో నువ్వే రాశావు, ఇతరులతో కలిసి దర్శకత్వం వహించిన లఘు డాక్యుమెంటరీకి 2024లో ఆస్కార్ నామినేషన్ వచ్చిందని, అప్పటికి ఆవిడకి 84 ఏళ్లని. దర్శకత్వం చదువుకుని పక్కన పెట్టేసిన మనిషి అరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే పనికి వచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య ఏడు పేజీల అవార్డులు పేర్చావు. ఆ రెండూ పక్కపక్కన పడి ఉంటే నేను చదవడం ఆపి కాసేపు కిటికీలోంచి చూసేదాన్ని.

నీ ఇబ్బంది నాకు అర్థమైంది. దర్శకుడి గురించి రాయడం సులువు, కెమెరా వెనక నించుంటాడు. ఎగ్జిక్యూటివ్ ఏం చేస్తుంది? కుర్చీలో కూర్చుంటుంది, ఫోన్ ఎత్తుతుంది, సరే అంటుంది, వద్దు అంటుంది. అందుకని పదవుల మీద పడ్డావు. 2004లో హెచ్‌బీఓ డాక్యుమెంటరీ విభాగానికి ప్రెసిడెంట్, అంతకుముందు ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్, దానికి ముందు సీనియర్ వైస్ ప్రెసిడెంట్. సర్వీసు రిజిస్టర్ చదివినట్టుంది. నేను ముప్పై ఏళ్లుగా అరుస్తున్న మాట ఒకటే: పదవి రాయొద్దు, పని రాయి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఒకరోజు ఏం చేసిందో చూపించు.

ఉదాహరణ నీ దగ్గరే ఉంది, ఆరో పేజీలో బ్రాకెట్లో పెట్టి పారేశావు. 1993లో అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని వెస్ట్ మెంఫిస్‌లో ముగ్గురు ఎనిమిదేళ్ల పిల్లల్ని చంపేశారు. అదే ఊరి పరిసరాల్లోని ముగ్గురు కుర్రాళ్లను పట్టుకున్నారు. దాని గురించి పేపర్లో వచ్చిన వార్త ఆవిడ కంట్లో పడింది. ఆ ముక్క ఇద్దరు దర్శకుల చేతికి వెళ్లింది. వాళ్లు కూడా ఆ కుర్రాళ్లే చంపి ఉంటారనుకుంటూ బయల్దేరారు. తీరా అక్కడికి వెళ్లి, మనుషులతో మాట్లాడి, కోర్టులో కూర్చుంటే అనుమానం మొదలైంది. 1996లో ఒక సినిమా, 2000లో రెండోది, 2011లో మూడోది. అదే 2011 ఆగస్టులో ఆ ముగ్గురూ, తాము చంపలేదని చెబుతూనే ప్రాసిక్యూషన్‌తో ఒక ఒప్పందం చేసుకుని, 18 ఏళ్ల తర్వాత జైలు నుంచి బయటికొచ్చారు. వాళ్లను ఆవిడ ఒక్కతే విడిపించిందని రాస్తే అబద్ధం. లాయర్లున్నారు, ఊరూరా మద్దతుదారులున్నారు. కానీ ఒక పేపర్ ముక్క దగ్గర ఆగడం, దాన్ని సరైన మనుషులకి ఇవ్వడం, మొదటి సినిమా అయిపోయాక కూడా ఆ కథను వదలకపోవడం... ఎగ్జిక్యూటివ్ పని అంటే అదేనమ్మా. నీ వ్యాసం ఆ పేపర్ ముక్కతో మొదలవ్వాలి.

కుర్చీలో కూర్చున్నవాళ్ల పని నాకెలా తెలుసంటావా? ఎనభైల్లో నేను డాక్యుమెంటరీలకి వ్యాఖ్యానం రాసేదాన్ని. చినగంజాం ఉప్పు మడుల మీద ఇరవై రెండు నిమిషాల సినిమాకి పద్దెనిమిది పేజీలు రాసుకుని గర్వంగా వెళ్లాను. దాని నిర్మాణం చూస్తున్న ఆవిడ మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతుండేది. నేను చదువుతుంటే టిక్కుమని నొక్కి, పెన్సిల్‌తో నా పేరాలకి పేరాలు కొట్టేసింది. ఒకచోట ముసలావిడ చెక్కపలకతో ఉప్పును గట్టు వైపు లాగుతూ ఉంటుంది. అక్కడ నేను చెమట గురించీ కన్నీళ్ల గురించీ ఎంతో రాశాను. ‘ఇక్కడ పదకొండు సెకన్లు నువ్వు మాట్లాడకు, ఆ గరగర వినపడనీ’ అంది. రాత్రంతా ఏడ్చాను. సినిమా వేసినప్పుడు హాల్లో అందరూ కదలకుండా కూర్చున్నది ఆ పదకొండు సెకన్లే. టైటిల్స్‌లో ఆవిడ పేరు ఎక్కడో కింద, డ్రైవర్ పేరుకి కాస్త పైన ఉంది.

ఆవిడ రిటైరయ్యాక ఈ సంగతే ఒక వ్యాసంగా రాసి ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. ఆ ఎడిటర్ మార్చి 8 దాకా దాన్ని సొరుగులో పెట్టుకుని, స్టాప్‌వాచ్ ఉన్న పేరా కొట్టేసి, ‘తెర వెనుక ఉక్కు మహిళ’ అని హెడ్డింగ్ పెట్టి వేశాడు. మన ఎడిటర్లకి ఆడవాళ్లు ఏడాదికి ఒక్కరోజే గుర్తొస్తారు, ఆరోజు అందరూ ఉక్కుతో తయారవుతారు. నీ మూడో పేజీలో కూడా ‘ఉక్కు సంకల్పం’ ఉంది. తీసెయ్.

ఇంకొకటి. హెచ్‌బీఓ చందాదారుల ఛానల్, ప్రకటనల మీద బతకదు, అందుకే షీలాకి అంత స్వేచ్ఛ దొరికిందని బాగానే రాశావు. మరి ఆ స్వేచ్ఛతో ఏం చేసిందో సగమే చెప్పావేం? టాక్సీలో దాచిన కెమెరాలతో అర్ధరాత్రి ప్రయాణికుల కబుర్లు రికార్డు చేసిన సిరీస్ కూడా ఆవిడ హయాంలోదే. సెక్స్ గురించి ఏళ్ల తరబడి నడిచిన సిరీస్ కూడా. సిగ్గుపడి వదిలేసినట్టున్నావు. పెద్దావిడ గౌరవం తగ్గుతుందనుకున్నావా? ఆస్కార్లు తెచ్చిన సినిమాలూ, పెద్దల కోసం రాత్రిపూట వేసిన ఆ కార్యక్రమాలూ ఒకే బల్ల మీద ఉండేవి. అవి తీసేస్తే మిగిలేది ఆవిడ కాదు, ఫొటోకి దండ.

1979లో ఆవిడ హెచ్‌బీఓలో చేరింది 13 వారాల కాంట్రాక్టు మీద. ఇది అసలు నీ వ్యాసంలో లేనేలేదు. మధ్యలో కొన్నేళ్లు బయటికెళ్లి సొంత కంపెనీ పెట్టుకుని, 1986లో మళ్లీ వచ్చి, 2018 దాకా ఉంది. మర్నాడే ఎంటీవీకి డాక్యుమెంటరీలు చేసే పని వచ్చిపడలేదు, 2019 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఎనభై. ఆ వయసులో ఉద్యోగం లేని నెలలు ఎలా ఉంటాయో, నాకిప్పుడు డెబ్బై నాలుగు, కొంచెం తెలుసు.

ఇంగ్లీషులో రాయాలా తెలుగులో రాయాలా అని అడిగావు, ఏ పత్రికకి పంపాలని కూడా. ముందు ఇది తిరగరాయి. పేపర్ ముక్కతో మొదలుపెట్టు, తొమ్మిది పేజీలు ఐదవ్వాలి. ఈసారి స్టేపుల్ చేసి పంపు. నీ మూడో పేజీ ఫ్యాన్ గాలికి మంచం కిందకి పోతే, నా మోకాళ్లతో వంగి తీయలేక పక్కింటి పిల్లాడొచ్చేదాకా ఆగాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ వయసున్న నీ పాఠకురాలు