పిల్లికి ముందుగా కావలసింది ఎక్కే చోటు

మీ వీధిలో తిరిగే పెంపుడు కాని పిల్లులను కుక్కలు, గద్దలు, పాముల నుంచి ఎలా కాపాడుకోవాలని అడిగారు. హనుమకొండలో పద్మాక్షి గుట్టకు దగ్గరలో ఉంటూ, పదకొండేళ్లుగా పెరట్లోకి వచ్చే పిల్లులకు అన్నం పెడుతున్నాను కనుక చెబుతున్నాను. మా దగ్గర పిల్లికి మొదటి శత్రువు తెల్లవారుజామున గుంపుగా తిరిగే కుక్కలే. వాటి నుంచి తప్పించుకోవడానికి పిల్లికి కావలసింది ఒకటి రెండు దూకుల్లో అందే ఎత్తైన చోటు.

2021 వేసవిలో ఒక బూడిద రంగు పిల్లి మా రేకుల షెడ్డులో, కట్టెల మోపు వెనుక మూడు పిల్లలను పెట్టింది. ఒకనాడు నాలుగున్నరకు అరుపులు విని లేచి వచ్చేసరికి రెండు కుక్కలు గేటు కింది సందులోంచి లోపలికి దూరి ఉన్నాయి. తల్లి పిల్లి వీపు విల్లులా వంచి, బుసకొట్టి, వాటిని తన వెంట తిప్పుకొని ప్రహరీ గోడ వైపు ఉరికింది. దొంగల భయంతో మా నాన్నగారు ఎప్పుడో ఆ గోడ మీద సిమెంటులో గాజు పెంకులు పెట్టించారు. ముందు కాళ్లు పెంకుల మీద పడగానే అది వెనక్కి జారిపోయింది, ఒక కుక్క తొడ పట్టుకుంది. బకెట్టెడు నీళ్లు కుమ్మరిస్తే గానీ వదల్లేదు.

పైకి రెండు చిన్న పంటి గాట్లే కనిపించాయి. పశువైద్యుడు వెంట్రుకలు గొరిగి చూపినప్పుడు చర్మం కింద కండ అంగుళం మేర చిరిగి ఉంది. అందువల్ల కుక్క కరిచిన పిల్లిని, గాయం ఎంత చిన్నదైనా, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. పక్కింటి పెద్దమ్మ మంచి మనసుతోనే పారాసిటమాల్ సగం బిళ్ల పాలలో కలిపి పట్టమన్నారు, వైద్యుడు వారించకపోతే పట్టేదాన్నే. ఆ మందును పిల్లి శరీరం తట్టుకోలేదు, సగం బిళ్ల కూడా దాని ప్రాణం తీయగలదు.

ఆ వారమే సుత్తి, ఉలి తీసుకుని షెడ్డు పక్కన గోడ మీద నాలుగు అడుగుల మేర పెంకులు కొట్టించాను. నాన్నగారు కోప్పడ్డారు, కానీ ఇన్నేళ్లలో ఆ పెంకులు ఆపిన దొంగ ఒక్కడూ లేడు. తరువాత జామ చెట్టు నుంచి గోడకు వెదురు బొంగు కట్టి, గోళ్లకు పట్టు దొరికేలా దానికి గోనెసంచి చుట్టించాను. గేటు కింది సందును ఇనుప జాలీతో మూసి, పిల్లి పట్టేంత కంత మాత్రం వదిలాను. గద్దలు పగటి పూట కూనలను తన్నుకుపోతాయి కనుక, ఒక పాత డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి లోపల గుడ్డలు పరిచాను.

అన్నం చీకటి పడకముందే పెట్టి, అరగంటలో పళ్లెం తీసేయండి. రాత్రంతా మిగిలిన మెతుకులు కుక్కలను, ఎలుకలను రప్పిస్తాయి, ఎలుకల వెనుక పాములు వస్తాయి. వానాకాలంలో గుట్ట వైపు నుంచి కొండచిలువ వస్తే కొట్టకండి, అటవీశాఖకు చెప్పండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాన్ని చంపడం నేరం.

చికెన్ దుకాణాల వాళ్లు రాత్రి పూట పేగులు, ఈకలు సంచుల్లో కట్టి వీధి మూలన పారేస్తారు. కుక్కలు అక్కడే పోగవుతాయి, మరునాడు అందరూ వచ్చి పిల్లులకు అన్నం పెట్టే నన్ను తప్పుపడతారు. నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ ఆ దుకాణం వాళ్లను అడగరు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

కుక్కల పాలయ్యేవి ఎక్కువగా కూనలే. పిల్లి తొమ్మిది వారాలకే ఈనుతుంది, పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు, కాబట్టి పిల్లలు పాలు మానగానే తల్లికి ఆపరేషన్ చేయించండి. మా బూడిద పిల్లికి గాయం మానిన తరువాత అదే చేయించాను. కొంచెం కుంటుతుంది, కానీ గోడ మాత్రం ఒక్క దూకులో ఎక్కుతుంది.

మీ గోడ మీద కూడా పెంకులు ఉంటే కొట్టించేయండి. కొట్టేటప్పుడు వాటి మీద తడి గోనెసంచి కప్పండి, ముక్కలు కంట్లో పడవు. కింద రాలినవన్నీ ఏరేసిన తరువాతే ఆ రోజు పిల్లులకు అన్నం పెట్టండి.