డోర్సెట్‌లో పాము ఎదురైతే

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్ దక్షిణ తీరాన డోర్సెట్‌లో మీ ఇంటి వెనుక పొదల్లో పిల్లలు పామును చూశారని, అల్లుడుగారు కర్ర కోసం పరుగెత్తారని రాశావు. ముందుగా ఆ కర్రను పక్కన పెట్టించు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడి పాములను కావాలని చంపడం నేరం. పైగా కరిచేది ఎక్కువగా కొట్టబోయినవారిని, పట్టుకోబోయినవారినే.

బ్రిటన్‌లో సహజంగా ఉండే పాములు మూడే, వాటిలో మనిషికి ప్రమాదకరమైన విషం ఉన్నది ఆడర్ ఒక్కటే. ఇది మన రక్తపింజర కుటుంబానిదే. పొట్టిగా, లావుగా ఉండి, వీపు పొడవునా ముదురు రంగు వంకరటింకర చారతో కనిపిస్తుంది. అయితే పూర్తిగా నల్లటి ఆడర్లు కూడా ఉంటాయి కాబట్టి చార లేదని ధైర్యపడవద్దు. కంటిపాప నిలువుగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు గాని, అది కనిపించేంత దగ్గరకు వెళ్లడమే పొరపాటు.

మెడ చుట్టూ పసుపు, నలుపు పట్టీ ఉండి నీటి దగ్గర తిరిగేది గ్రాస్ స్నేక్. మన నీరుకట్టెకు బంధువైన ఈ పాము, పట్టుకుంటే దుర్వాసన వదిలి, నోరు తెరిచి చచ్చినట్టు పడి ఉంటుంది. కంపోస్టు కుప్పల్లో గుడ్లు పెడుతుంది కనుక వేసవిలో మీ కుప్పను తిరగవేయకండి. మూడోదైన స్మూత్ స్నేక్ చాలా అరుదు. మీ ప్రాంతంలో ఉన్నా, దాన్ని ఆడర్ అని పొరబడేవారే ఎక్కువ. తోటలో రాళ్ల కింద నున్నగా మెరిసే స్లో వర్మ్ అసలు పామే కాదు, కనురెప్పలున్న కాళ్లులేని బల్లి.

చలికాలమంతా నిద్రించిన ఆడర్ మార్చి ఎండలకు బయటికి వచ్చి, ఒళ్లు వెచ్చబడేదాకా చురుగ్గా కదలలేదు. ఆ రోజుల్లో పిల్లలకు పొడవాటి బూట్లు వేయించు, పొదల్లో చేతులు పెట్టనివ్వకు.

ఒకవేళ కరిస్తే మన ఊరి పద్ధతిలో గుడ్డ బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం వద్దే వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన చెయ్యినో కాలినో కదలనివ్వకుండా ఉంచి, వెంటనే అత్యవసర నంబరు 999కి ఫోన్ చెయ్యి. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు; ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు. ఇక్కడ ఆడర్ కాటుతో చివరి మరణం 1975లో నమోదైంది, కాబట్టి భయపడవద్దు. కాని వాపు కొన్ని గంటల తర్వాత కూడా పెరగవచ్చు గనుక, కాటు చిన్నదని ఇంట్లో కూర్చోవద్దు.

మీ కుక్కను ఆ పొదల దారిలో గొలుసు వేసే నడిపించండి. దాన్ని కరిస్తే నడిపించకుండా ఎత్తుకుని పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి.