ఒలీవియా డి హావిలాండ్ ఎవరు? ఆమె పేరుతో హాలీవుడ్‌లో ఒక చట్టం ఉందంటారు, నిజమేనా?

నిజమే, కానీ ఆమె కోసం కొత్తగా చట్టం చేయలేదు. ఉద్యోగ ఒప్పందంతో ఎవరినీ ఏడేళ్లకు మించి కట్టేయకూడదని కాలిఫోర్నియాలో అప్పటికే ఉంది. సినిమా స్టూడియోల మీద దాన్ని నిలబెట్టింది హాలీవుడ్ నటి ఒలీవియా.

1916లో టోక్యోలో ఆంగ్లేయ దంపతులకు పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగారు. ఎర్రోల్ ఫ్లిన్ సరసన ఎనిమిది సినిమాలు చేశారు. 'గాన్ విత్ ద విండ్'లో (1939) మెలనీగా ఎంత పేరొచ్చినా, ఆమెతో ఏడేళ్ల ఒప్పందం ఉన్న స్టూడియో వార్నర్ బ్రదర్స్ ఇచ్చేవి మళ్లీ అవే మెత్తని నాయిక వేషాలు. వద్దంటే జీతం ఆపి సస్పెండ్ చేసేవారు. ఆ రోజులన్నీ ఒప్పందం చివర కలిపేవారు! ఏడేళ్లు నిండినా విడుదల లేకపోవడంతో 1943లో కోర్టుకెక్కారు. ఏడేళ్లంటే క్యాలెండరు ప్రకారం ఏడేళ్లేనని 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. కేసు నడుస్తుండగా వార్నర్ ఒత్తిడికి మిగతా స్టూడియోలు కూడా తలుపులు మూసేశాయి. అయినా వెనక్కి తగ్గలేదు చూడండి, ఆమె నటనకన్నా నాకు ఆ తెగువే గొప్పగా కనిపిస్తుంది. బెటీ డేవిస్ అంతటి తార కూడా 1936లో ఇదే స్టూడియోతో కేసు ఓడిపోయారు మరి.

తర్వాత 'టు ఈచ్ హిజ్ ఓన్' (1946), 'ది ఎయిరెస్' (1949) ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్లు తెచ్చాయి. చెల్లెలు జోన్ ఫాంటేన్ కూడా ఆస్కార్ విజేతే. 1950లలో పారిస్‌లో స్థిరపడి, 2020లో 104 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.