రెండేళ్లు దాటినా మాటలు రాలేదు... ఇంకా ఆగి చూడొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 2 సంవత్సరాల 4 నెలలు. అమ్మ, తాత, బువ్వ లాంటి నాలుగైదు మాటలు తప్ప ఏమీ అనడు. ఏదైనా కావాలంటే మా చేయి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. పిలిస్తే పలకడు గానీ టీవీలో యాడ్ వస్తే పరుగెత్తుకొస్తాడు. ఫోన్‌లో విన్న ఇంగ్లిష్ రైమ్స్ సగం సగం పాడతాడు. మావారికీ మూడేళ్లకు గానీ మాటలు రాలేదట, కంగారు పడొద్దని అత్తయ్య అంటున్నారు. స్పీచ్ థెరపీ అవసరమా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఆగకండి. మీ అత్తయ్య చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు, ఆలస్యంగా మాట్లాడటం కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుంది. కానీ ఏ పిల్లాడు వాడంతట వాడే అందుకుంటాడో, ఎవడు వెనకబడతాడో ఇంట్లో కూర్చుని తేల్చలేం. రెండేళ్లకు దాదాపు 50 మాటలు, ‘అమ్మా రా’ లాంటి రెండేసి పదాల జతలు రావాలి.

ముందుగా వినికిడి పరీక్ష. యాడ్‌కు పరుగెత్తుకొస్తున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకోవద్దు. కొన్ని శబ్దాలు వినిపించి, మాటల్లోని సన్నటి ధ్వనులు వినిపించని పిల్లలుంటారు. జలుబు చేసినప్పుడల్లా చెవిలో నీరు చేరినా అంతే. ఓఏఈ (లోపలి చెవి స్పందనను చూసేది), బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసేది) పరీక్షల్లో నొప్పి ఉండదు. బెరాకు బాబు నిద్రపోవాలి, అందుకే ఒక్కోసారి సిరప్ ఇస్తారు.

నన్ను ఆలోచనలో పడేసింది మాటల లెక్క కాదు. ఆకాశంలో విమానం కనిపిస్తే మీకు వేలు పెట్టి చూపించి, మీ ముఖంలోకి చూస్తాడా? రైమ్స్ పాడే పిల్లాడు నీళ్లు అడగలేకపోవడం, పిలిస్తే పలకకపోవడం, చేయి పట్టి లాక్కెళ్లడం... ఇవన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటంలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) కోణంలోనూ చూడాల్సిందే. 16 నుంచి 30 నెలల పిల్లలకు ‘ఎం-చాట్’ అనే ప్రశ్నావళి ఉంది. అది పరీక్ష అవసరమా అని చెబుతుందే తప్ప జబ్బును తేల్చదు. టెన్షన్ పడకండి, ఆ రిపోర్టుల కోసం థెరపీని ఆపనూ వద్దు.

థెరపీ అంటే నాలుకకు కసరత్తు అనుకుంటారు చాలామంది. అసలు జరిగేది ఆట. థెరపిస్టు సబ్బు బుడగలు ఒకసారి ఊది, మూత బిగించి, పిల్లాడి వైపు చూస్తూ ఊరుకుంటారు. వాడు చూసినా, చేయి చాచినా, ‘ఊ’ అన్నా ‘ఇంకా!’ అంటూ మళ్లీ ఊదుతారు. అడిగితే దొరుకుతుందని వాడికి అక్కడ తెలుస్తుంది. వారంలో ఒకటి రెండు గంటలు క్లినిక్‌లో, మిగతాదంతా మీ ఇంట్లోనే. కాబట్టి ఎలా చేస్తున్నారో దగ్గర కూర్చుని చూడండి. పిల్లాణ్ని లోపలికి పంపి తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టే చోటైతే, నేనైతే వేరే చోటు చూసుకుంటాను.

ఇంట్లో ‘ఇదేంటి? చెప్పు, చెప్పు’ అని వెంటపడకండి. పాల గ్లాసు చూపించి, ‘పాలు’ అని, ఐదారు సెకన్లు ఆగండి. చూపుతోనో చేత్తోనో అడిగినా ఇచ్చేయండి. మాట అంటేనే ఇస్తానని ఏడిపించొద్దు. ‘కారు’ అంటే ‘ఎర్ర కారు పోతోంది’ అని కలపండి. మీకు అలవాటైన తెలుగులోనే మాట్లాడండి. రెండు భాషలు వింటే మాటలు ఆగిపోతాయన్నది అపోహ. బువ్వ తినేటప్పుడు మాత్రం ఫోన్ తీసేయండి, నాలుగు రోజులు గోల చేస్తాడు, చేయనివ్వండి. వస నాకించమని ఎవరైనా చెబుతారేమో, దానితో మాటలు రావు సరికదా వాంతులు పట్టుకునే ప్రమాదం ఉంది.

జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగా గుర్తించి చూసే) కేంద్రం ఉందేమో కనుక్కోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు అక్కడ ఉచితంగా చూస్తారు. హైదరాబాద్ రాగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. ప్రైవేటులోనైతే థెరపిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. వెళ్లేటప్పుడు బాబు ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన రెండు మూడు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. కొత్త చోట పిల్లలు మూగనోము పట్టినట్టు కూర్చుంటారు.