చుక్కలు చూపించే ఈఎంఐ

ప్రశ్న: మేం ఈసీఐఎల్ దగ్గర ఉంటాం. నాకు 43 ఏళ్లు. చర్లపల్లిలో ఒక ప్రైవేటు కంపెనీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని. చేతికొచ్చే జీతం రూ.58,000. ఇంటి లోన్ ఈఎంఐ రూ.19,400, చిట్టీకి రూ.5,000, ఇంటి ఖర్చు రూ.27,000. చిట్టీ రెండు లక్షలది, 40 నెలల్లో 22 అయ్యాయి, ఇంకా పాడుకోలేదు. పోయిన నెల రూ.34,000 తగ్గించి ఒకాయన పాడుకున్నాడు. బ్యాంకులో రూ.70,000 ఉంది. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిందే. పాప పదో తరగతి. రెండేళ్లు కూర్చుని 6 అంగుళాల అద్దం అరగదీసి టెలిస్కోప్ చేసుకున్నాను. జీఐ పైపులు, పాత కారు బేరింగులతో మౌంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే స్టాండు) కూడా నేనే కట్టాను. ఇప్పుడు దానికి ఆకాశంతో పాటు తిప్పే ట్రాకింగ్ మోటార్లు, ఫోకస్ మోటారు పెట్టాలని ఉంది. నా అంచనా రూ.36,500. అంత పెట్టే బదులు చెప్పిన గ్రహం వైపు తనంతట తానే తిరిగే రూ.1,40,000 గోటూ మౌంట్ 18 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమని షాపాయన అంటున్నాడు. చిట్టీ పాడుకుని రెండింట్లో ఒకటి చేయనా? పాప ఇంటర్‌లో చేరేదాకా ఆగమని మా ఆవిడ గొడవ. ఈ నెల దీపావళి బోనస్ రూ.18,000 వస్తుంది. స్కూళ్లలో షోలు వేస్తే పెట్టింది తిరిగొస్తుందని నా ఆశ.

జవాబు: ముందు ఆ లక్షా నలభై వేల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది రెండు నిమిషాల పని. పద్దెనిమిది నెలలకు భాగిస్తే నెలకు రూ.7,778. మీ ఖర్చులన్నీ పోను మిగిలేది రూ.6,600. అంటే మొదటి నెల నుంచే గ్యాస్ సిలిండర్ డబ్బులో, పాప బస్సు డబ్బులో ఇందులోకి మళ్లుతాయి. టెలిస్కోప్ కన్నా ముందు ఈఎంఐయే మీకు చుక్కలు చూపిస్తుంది. పైగా ఆ నో కాస్ట్ అనే మాటే ఒక తమాషా. సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన స్కీముల్లో వడ్డీ ఉంటుంది, దాన్ని డిస్కౌంటు పేరుతో సర్దుతారు. రొక్కం ఇస్తే తగ్గించే సొమ్ము మీకు తగ్గదు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ బిల్లులోనే కనబడతాయి. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు 3 శాతానికి పైనే పడుతుంది. వద్దు.

చిట్టీ పాడుకోవడం అంతకన్నా తప్పు. పోయిన నెల పాటే లెక్కకు తీసుకుంటే మీ చేతికి వచ్చేది రూ.1,66,000. ముప్పై ఆరు వేల పని కోసం ముప్పై నాలుగు వేలు వదులుకుంటారన్న మాట. మిగతా పద్దెనిమిది నెలలూ ఎలాగూ కట్టాలి. ఆ చిట్టీకి వేరే పని ఉంది. జూన్‌లో పాప ఇంటర్ అడ్మిషన్. హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ ఫీజంటే ఏమిటో పదో తరగతి పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఏప్రిల్, మే దాకా ఆగండి. నెలలు తగ్గేకొద్దీ సాధారణంగా పాటలో పోటీ తగ్గుతుంది, మీరు వదులుకునేదీ తగ్గుతుంది. ఈలోపు ఆ చిట్టీ 1982 చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో కాగితం చూసుకోండి.

కాబట్టి మీ ఆవిడ మాట సగం నిజం. చిట్టీ విషయంలో పూర్తిగా నిజం. మోటార్ల విషయంలో మాత్రం నేను మీ వైపే. ఎందుకో చెబుతాను.

ఆకాశం సెకనుకు సుమారు 15 ఆర్క్‌సెకన్లు తిరుగుతుంది (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్‌మినిట్, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకన్). మీ అద్దం ఫోకల్ లెంగ్త్ 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టినప్పుడు 120 రెట్లు పెద్దగా కనబడుతుంది. మామూలు ఐపీస్‌లో కనబడే ముక్క 25 ఆర్క్‌మినిట్లు. శనిని ఒక అంచున పెడితే వంద సెకన్లలో రెండో అంచు దాటిపోతుంది. మేడ మీద మీ పాప, పక్కింటి పిల్లలు, వాళ్ల నానమ్మ వరసలో నిలబడితే రెండో మనిషికల్లా బొమ్మ మాయం. మళ్లీ మీరు వెతికి పెట్టాలి, ఫోకస్ సరిచేయాలి, ఫోకస్ నాబ్ ముట్టుకోగానే గొట్టమంతా ఊగుతుంది. ఈ చిరాకు తీరడానికి పెట్టే డబ్బును నేను దుబారా అనను. రెండేళ్లు అద్దం అరగదీసిన మనిషి దీన్ని మధ్యలో వదిలేయడు కూడా.

అయితే మీరు జతచేసిన అంచనా కాగితంలో కొవ్వు ఉంది. గేర్‌బాక్స్ మోటార్లు రెండు రూ.7,000, కంట్రోలర్ రూ.4,500, వర్మ్ గేర్ సెట్టు (మరలాంటి వర్మ్, అది తిప్పే పళ్ల చక్రం) రూ.9,000, లేత్ పని రూ.5,000, రెడీమేడ్ ఫోకసర్ మోటారు కిట్ రూ.6,000, హ్యాండ్‌సెట్ రూ.2,500, బ్యాటరీ రూ.2,500. ఇదేగా?

మీది ఈక్వటోరియల్ మౌంట్ కాబట్టి ధ్రువం వైపు చూసే అక్షం ఒక్కటి తిరిగితే చాలు, గ్రహం ఐపీస్‌లోనే కూర్చుంటుంది. రెండో అక్షానికి మోటారు అడిగేది గోటూ, ఫొటోలకు గైడింగ్ (ఒక చుక్కను గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దుతూ ఉండటం). కళ్లతో చూడటానికి అది అక్కర్లేదు. ఒక మోటారు కొట్టేశాం. ఉన్న ఒక్కదానికీ గేర్‌బాక్స్ వద్దు. నీమా 17 అనే మామూలు స్టెప్పర్ (అడుగులు వేస్తున్నట్టు తిరిగే మోటారు) రూ.900లో వస్తుంది, మూడుకు ఒకటి చొప్పున తగ్గించే పుల్లీలు, బెల్టు కలిపి రూ.700. ఇది చాలుతుందా అంటే, స్టెప్పర్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. మోటారును నడిపే డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తే 3,200. దాన్ని బెల్టు మూడింతలు చేస్తుంది, 144 పళ్ల వర్మ్ గేర్ ఇంకా చిన్నది చేస్తుంది. చివరికి టెలిస్కోప్ ఒక్కో అడుగుకు కదిలేది ఒక ఆర్క్‌సెకన్ కన్నా తక్కువ. గురుగ్రహం బింబమే 30 నుంచి 50 ఆర్క్‌సెకన్లు ఉంటుంది, ఆ కుదుపు కంటికి తెలియదు.

కంట్రోలర్‌కి రూ.4,500 కూడా అనవసరం. ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక మంచి డ్రైవర్ కలిపి రూ.1,000. అందులో వేసుకునే ఆన్‌స్టెప్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫోన్‌తో వైఫైలో నడుస్తుంది. కాబట్టి హ్యాండ్‌సెట్ రూ.2,500 కూడా కొట్టేయండి. పెట్టె, వైర్లు, కనెక్టర్లకు రూ.700. బ్యాటరీకి యూపీఎస్‌లో వేసే 12 వోల్టుల 7 ఏహెచ్ చాలు, రూ.1,100.

వర్మ్ గేర్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. మీ తొమ్మిది వేలూ అక్కడే పెట్టండి. నక్షత్రాల లెక్కలో రోజు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. 144 పళ్లకు భాగిస్తే వర్మ్ సుమారు పది నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని మరలో వంకర ఉంటే ప్రతి పది నిమిషాలకూ బొమ్మ అటూ ఇటూ జరుగుతుంది, సాఫ్ట్‌వేర్‌తో కొంతే సర్దగలరు. మా బావమరిది బాలానగర్‌లో లేత్ నడుపుతాడు. వాడి దగ్గరికి చవక గేర్లు పట్టుకొచ్చి, మళ్లీ మళ్లీ బుష్‌లు మార్పించుకుని, చివరికి కొత్త గేరే కొన్నవాళ్లను చూశాను. లేత్ ఖర్చును మాత్రం రూ.3,000కి దించొచ్చు. డ్రాయింగ్ కాగితం మీద కొలతలతో వేసి, షాఫ్టు, హౌసింగ్ అన్నీ ఒకే రోజు ఇవ్వండి. ముక్కకో రోజు తిరిగితే ముక్కకో బిల్లు. బేరింగులూ బోల్టులూ రాణిగంజ్‌లో, ఎలక్ట్రానిక్స్ కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. ధరలు షాపును బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ఫోకస్ కిట్‌కు ఆరు వేలా! 28 బీవైజే-48 అనే చిన్న 5 వోల్టుల గేర్ స్టెప్పర్, డ్రైవర్ బోర్డుతో కలిపి రెండు వందలకు అటూ ఇటూ. నాబ్‌కు తగిలించే కప్లింగ్, ఒక చిన్న బోర్డు, బ్రాకెట్ రేకు అన్నీ వేసుకున్నా రూ.1,000 దాటదు. అందులో గేర్లు కాస్త వదులుగా ఉంటాయి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఫోకస్‌కి వస్తే ఆ వదులు బాధించదు. మొదట చేయాల్సిన పని కూడా ఇదే, ఎందుకంటే గొట్టం ఊగడం ఆగేది దీనితోనే.

మొత్తం కూడితే రూ.17,400. చేత్తో చేసే పనిలో ఒక బోర్డు కాలుతుంది, ఒక పుల్లీ సైజు తప్పుతుంది. దానికి రూ.2,600 కలిపి రూ.20,000 అని గీత గీయండి.

ఈ ఇరవై వేలు బ్యాంకులోని డెబ్బై వేలల్లోంచి తీయకూడదు. ఈఎంఐ, చిట్టీ, ఇల్లు కలిపి మీ నెల ఖర్చు రూ.51,400. ఉన్న సొమ్ము నెలన్నరకు కూడా చాలదు. ప్రైవేటు ఉద్యోగానికి కనీసం మూడు నెలలది, అంటే లక్షా యాభై నాలుగు వేలు ఉండాలి. బోనస్‌లో రూ.10,000 వర్మ్ గేర్‌కు, ఫోకస్ మోటారుకు. మిగతా రూ.8,000 సొంత ఫ్యామిలీ హెల్త్ పాలసీకి తీసి పెట్టండి. కంపెనీ పాలసీ ఉద్యోగం ఉన్నంతవరకే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ప్రీమియంకి ఏమైనా తక్కువైతే ఒక నెల మిగులు కలపండి. ఆ తర్వాత నెలకు రూ.2,500 చొప్పున నాలుగు నెలలు మోటారు పనికి, రూ.4,000 రికరింగ్ డిపాజిట్‌కి. మోటారు పని అయిపోగానే రూ.6,500 అంతా ఆర్డీకే.

నాలుగు నెలలంటే చలికాలం సగం పోతుందని బెంగ పడకండి. బోనస్ రాగానే ఫోకస్ మోటారు నడుస్తుంది. మార్చి, ఏప్రిల్ రాత్రులు కూడా బాగానే ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు, అప్పుడు కోడింగ్ చేసుకోండి. మౌంట్ అక్షాన్ని గురిపెట్టాల్సిన ధ్రువ నక్షత్రం మనకు ఉత్తరాన నేల నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మీ మేడ నుంచి ఎవరిదో వాటర్ ట్యాంకు అడ్డం ఉంటే, దాని కోసం పోలార్ స్కోప్‌లు (ధ్రువాన్ని గురిచూసే చిన్న దుర్భిణీలు) కొనకండి. ఒక చుక్క ఐపీస్‌లో ఎటు జారుతోందో చూస్తూ మౌంట్‌ను సర్దుకునే డ్రిఫ్ట్ పద్ధతికి పైసా ఖర్చు లేదు, ఓపిక కావాలి.

స్కూలు షోల ఆదాయాన్ని సున్నా అని రాసుకోండి. వస్తే ఆ డబ్బుతో ఐపీస్ కొనుక్కోండి. ఇంకో నిజం కూడా చెప్పాలి. కంపెనీ మౌంట్‌ను రేపు సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఎంతో కొంత వస్తుంది, మీ పైపుల మౌంట్‌కి ఇనుము ధరే. ఆ తేడా తెలిసే ఖర్చు పెట్టండి.

నాకు భయం మోటార్లతో కాదు, కెమెరాతో. మౌంట్ తిరగడం మొదలుకాగానే ఫొటో తీయాలనిపిస్తుంది. కెమెరా వస్తే గైడ్ కెమెరా, దాని వెంట రెండో మోటారు, లాప్‌టాప్, నగరం వెలుగు నుంచి తప్పించుకోవడానికి అనంతగిరి దాకా పెట్రోలు. నేను ఒకప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్‌కి లెన్సుల మీద లెన్సులు ఈఎంఐలో కొని, బీరువాలో పెట్టి మూడేళ్లు కట్టాను. అందుకే ఫొటోల ఖాతా పాప అడ్మిషన్ అయ్యాక, ఆర్డీలో లక్షన్నర చేరాక తెరుద్దాం. అప్పుడు మళ్లీ రాయండి.

బోనస్ పడ్డాక ఒక శనివారం కోఠికి వెళ్లండి. ఆ రోజు కొనాల్సింది ఫోకస్ మోటారు సామాను మాత్రమే. జేబులో పన్నెండు వందలకు మించి పెట్టుకోకండి, కార్డు ఇంట్లో మీ ఆవిడ చేతికిచ్చి వెళ్లండి.